వేళ్ళకు అందని నొప్పి

నరసరావుపేట రైలు స్టేషను బయట, గూడ్సు షెడ్డు గోడకు ఆనించి వేసుకున్న రేకుల పంచలో గులాం మొహిద్దీన్ ముప్పయ్యేళ్ళు మెడలు పట్టి బతికాడు. ఊళ్ళో ఒళ్ళు పట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. విరిగిన ఎముకలకు కట్లు కట్టేవాళ్ళూ ఉన్నారు. ఆయన మాత్రం మెడ తప్ప ఇంకొకటి ముట్టుకునేవాడు కాదు. నడుము పట్టేసిందని ఎవరైనా వస్తే, ఫలానా చోటికి పొమ్మని దారి చెప్పి పంపేవాడు. అందుకే ఊరంతా ఆయన్ను మెడ సాయిబు అనేది.

ఆ పని ఆయనకు తండ్రి నేర్పాడు. తండ్రి కారంపూడిలో ఉండి, చుట్టుపక్కల రైతులకూ బండ్లు తోలేవాళ్ళకూ మెడలు పట్టేవాడు. మొహిద్దీన్ నరసరావుపేటకు వచ్చింది హమాలీల కోసం. స్టేషను ఉన్నచోట మిల్లులుంటాయి, మిల్లులున్నచోట బస్తాలుంటాయి, బస్తాలు మోసే మెడలకు ఏడాది పొడుగునా మర్దన కావాలి. కోటప్పకొండ తిరునాళ్ళ వెళ్ళిన మర్నాడైతే, ఎత్తయిన ప్రభలను మోసుకుంటూ నడిచి వంకర మెడలతో తిరిగొచ్చిన మనుషులు ఆయన పంచ ముందు వరస కట్టేవాళ్ళు.

ఆయన పద్ధతి ఒకటుండేది. వచ్చినవాణ్ణి వీపు తనవైపు పెట్టి ముక్కాలిపీట మీద కూర్చోబెట్టేవాడు. ఎక్కడ నొప్పి అని అడిగేవాడు కాదు. అవతలివాడు చెప్పబోయినా వద్దనేవాడు. నులివెచ్చటి నువ్వుల నూనెలో వేళ్ళు ముంచి, జుట్టు మొదలు నుంచి భుజాల దాకా రెండు బొటనవేళ్ళూ మెల్లగా దించుకుంటూ వచ్చి ఒకచోట ఆగేవాడు. "ఇదుగో, ఈడ," అని నొక్కేవాడు. కూర్చున్నవాడు భుజాలు పైకి లాక్కుని మూలిగేవాడు. చెప్పకుండానే కనిపెట్టాడని జనం వింతగా చెప్పుకునేవాళ్ళు. ఆ మాట చెవిన పడినప్పుడు మొహిద్దీన్ పైకి ఏమీ అనేవాడు కాదుగాని, లోపల పొంగిపోయేవాడు. చదువు లేదు, పొలం లేదు. తనకంటూ ఉన్న ఆస్తి ఆ రెండు బొటనవేళ్ళే అనుకునేవాడు.

భార్య ఏనాడో కలరాలో పోయింది. ఒక్కతే కూతురు జరీనా. అల్లుడు మక్బూల్, నాగభూషణరావు గారి వేరుశనగ మిల్లులో హమాలీ. ముగ్గురూ అరండల్‌పేట వెనక ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. మక్బూల్‌కు అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. మాట తక్కువ. జట్టులో అందరికంటే ముందు బస్తా ఎత్తేవాడూ, ఆఖరున దించేవాడూ అతనేనని మేస్త్రీయే చెప్పేవాడు.

1944 జనవరిలో, కాయల సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో, మక్బూల్ మెడ మీద బస్తాతో లారీకి వేసిన చెక్క ఎక్కుతున్నాడు. చెక్క కింద పెట్టిన రాయి జారింది. మనిషి ముందుకు పడ్డాడు. బస్తా నేల మీదికి దొర్లకుండా అతని మెడ మీదే పడింది. దెబ్బ పైకి ఏమీ కనపడలేదు. నెత్తురు లేదు, వాపు లేదు. లేచి, దులుపుకుని, ఆ పూట ఇంకో ఇరవై బస్తాలు మోశాడు. మర్నాడు పొద్దున తల పక్కకు తిప్పలేకపోయాడు.

మొహిద్దీన్ అల్లుణ్ణి పీట మీద కూర్చోబెట్టి వేళ్ళు నడిపాడు. ఎడమ పక్కన, జుట్టు మొదలుకు రెండు వేళ్ళ కింద, కండ రాయిలా బిగిసి ఉందనిపించింది. నొక్కితే మక్బూల్ కళ్ళు మూసుకున్నాడు. రోజూ పొద్దునా సాయంత్రం మర్దన చేశాడు. ఉప్పు మూటతో కాపడం పెట్టాడు. కొన్ని రోజులు తగ్గినట్టుండేది. బస్తా ఎత్తిన నాడు మళ్ళీ మొదటికి వచ్చేది. నొప్పి భుజంలోకి, అక్కణ్ణుంచి తలలోకి పాకేది. అన్నం తింటూ తింటూ ముద్ద పళ్ళెంలో వదిలేసి మెడ పట్టుకుని కూర్చునేవాడు.

మొహిద్దీన్ మిల్లుకు వెళ్ళి నాగభూషణరావు గారికి సంగతి చెప్పాడు. ఆయన కూడా ఒకటి రెండుసార్లు మెడ పట్టించుకున్నవాడే. సాయిబు చేతి మీద నమ్మకం ఉన్నవాడు. బరువు మొయ్యొద్దు, సంచుల మూతులు కుట్టే దగ్గర కూర్చోబెట్టమని మేస్త్రీతో చెప్పాడు. మక్బూల్ పదిహేను రోజులు దబ్బనం పట్టుకుని నీడన కూర్చున్నాడు. నొప్పి నిజంగానే కొంచెం తగ్గుముఖం పట్టింది.

కాని సీజను ఆగదు. మక్బూల్ మొయ్యాల్సిన బస్తాలు మిగతావాళ్ళ మెడల మీద పడ్డాయి. జట్టులో ఇంకో ఇద్దరు తమకూ మెడ నొప్పేనని, తమకూ కుట్టే పని ఇమ్మని అడిగారు. వాళ్ళకూ నొప్పి లేదని ఎవరూ చెప్పలేరు. మామ చెప్తే అల్లుడికి నీడ, చెప్పే మామ లేనివాడికి ఎండ అని ఒకడు అన్నాడు. ఆ మాట నాగభూషణరావు గారి చెవిన పడింది. అందరూ డాక్టరు సుబ్బారావు గారి దగ్గరికి పోయి చూపించుకోండి, ఆయన ఏం రాస్తే అది అని తేల్చేశాడు.

డాక్టరు సుబ్బారావుకు ముప్పై రెండేళ్ళుంటాయి. బజారులో సొంతంగా ఆసుపత్రి పెట్టి నాలుగేళ్ళయింది. తెలియనిది తెలియదని రోగి ముందే చెప్పే మనిషి. ఆయన మక్బూల్ మెడ నాలుగు పక్కలా నొక్కి చూశాడు. ఎడమ పక్కన ఏమీ దొరకలేదు. కుడి పక్కన కొంచెం నొప్పి ఉన్నట్టు తోచింది. ఆ సంగతే రాసి, బరువు మొయ్యవచ్చునని కాగితం ఇచ్చాడు.

మొహిద్దీన్ ఆ కాగితం పట్టుకుని వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు. కోపంగా ఏమీ మాట్లాడలేదు. ఎడమ పక్కన ఉన్నదాన్ని కుడి పక్కన రాశారని మాత్రం అన్నాడు. డాక్టరు మక్బూల్‌ను మళ్ళీ పిలిపించి మళ్ళీ నొక్కాడు. ఈసారి ఆయన వేలికి ఎడమ పక్కనే తగిలింది. వారం కిందట తను రాసుకున్న కాగితం తీసి చూసుకున్నాడు. కుడి అనే ఉంది. 

"నొప్పి మారుంటదేమో డాక్టరు గారూ," అన్నాడు మొహిద్దీన్.

"మారి ఉండొచ్చు సాయిబూ. నా వేలే తప్పయి ఉండొచ్చు. నీ వేలు ఎప్పుడూ తప్పలేదని నీకెట్లా తెలుసు?"

"ముప్పయ్యేళ్ళ నుంచి నొక్కతన్నాను. నేను ఈడ అన్నచోట నొప్పి లేదన్నవాడు లేడు."

"నువ్వు నొక్కే నొక్కుకి ఎవరి మెడైనా, ఎక్కడైనా నొప్పి పుడుతుంది. నాకూ పుడుతుంది. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు." డాక్టరు ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు. "ఒక పని చేద్దాం. నువ్వూ నొక్కు, నేనూ నొక్కుతాను. ఎవరి మెడో మనకు తెలియకూడదు. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండుసార్లూ ఒకటే చెప్పగలిగితే నీ మాట ప్రకారమే రాసిస్తాను."

మొహిద్దీన్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. సరేనన్నాడు. ఆ రోజు ఇంటికి వస్తూ బజారులో ఇద్దరు ముగ్గురికి చెప్పాడు కూడా, డాక్టరు తనతో పందెం కట్టాడని.

ఆదివారం పొద్దున ఆసుపత్రి వసారాలో ఆరు పీటలు వేశారు. జట్టులో నుంచి ఆరుగురు వచ్చారు. అందులో మక్బూల్ ఒకడు. మిగతావాళ్ళలో కొందరికి నొప్పి ఉంది, కొందరికి లేదు. వాళ్ళను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, తల మీద నుంచి నడుము దాకా దుప్పట్లు కప్పి, మెడ ఒక్కటీ కనపడేట్టు వదిలారు. ఈ ఏర్పాటంతా చూసింది ఆసుపత్రి నర్సు గ్రేసమ్మ. ఒక్కో మెడ మీద నాలుగు చోట్లు. ఎడమ పైన, ఎడమ కింద, కుడి పైన, కుడి కింద. నొక్కేవాడు ప్రతి చోటా నొప్పి ఉందనో లేదనో చెప్పాలి. కూర్చున్నవాడు ఉలకకూడదు, పలకకూడదు. గ్రేసమ్మ పలక మీద రాసుకుంటుంది. ఒక వరస అయ్యాక నొక్కేవాళ్ళను లోపలి గదిలోకి పంపి, మనుషుల్ని అటూ ఇటూ మార్చి కూర్చోబెట్టి, మళ్ళీ నొక్కిస్తుంది. నూనె వాడితే మొదటిసారి నొక్కిన గుర్తు తెలిసిపోతుందని గ్రేసమ్మ వద్దంది. పొడి చేతులతో నొక్కడం మొహిద్దీన్‌కు కొత్త. అయినా ఒప్పుకున్నాడు.

ఆయన మనసులో ఇంకొకటి ఉంది. తర్వాత చాలా ఏళ్ళకు గ్రేసమ్మతో తనే చెప్పుకున్నాడు. దుప్పటి కప్పినా అల్లుడి మెడను గుర్తుపట్టగలనని ఆయన ధీమా. రెండు నెలలుగా రెండు పూటలా నొక్కిన మెడ అది. వేలు అటూ ఇటూ అయినా, మక్బూల్ మెడ దగ్గరికి వచ్చేసరికి ఎడమ పైన అని చెప్తే చాలు, పని జరుగుతుందనుకున్నాడు. మోసమని ఆయనకు అనిపించలేదు. ఉన్న నొప్పినే కదా ఉందంటున్నది.

మొదటి వరస బాగానే గడిచింది. రెండో వరసలో నాలుగో పీట దగ్గర ఆయన వేళ్ళు ఆగాయి. కాయలు కాసిన చర్మం, కింద బిగిసిన కండ. ఇది మక్బూల్‌దే అనుకున్నాడు. ఎడమ పైన నొప్పి ఉందని గట్టిగా చెప్పాడు. డాక్టరు కూడా తన రెండు వరసలూ ముగించాడు. దుప్పట్లు తీశాక గ్రేసమ్మ పలకలు పక్కపక్కన పెట్టి చదవడం మొదలుపెట్టింది.

ఇరవై నాలుగు చోట్లలో మొహిద్దీన్ రెండుసార్లూ ఒకటే చెప్పినవి పధ్నాలుగు. డాక్టరువి పదమూడు. మొదటి వరసలో ఇద్దరి మాటా కలిసినవి పన్నెండు. కళ్ళు మూసుకుని రాసినా అన్ని కలిసేవని డాక్టరు మెల్లగా అన్నాడు.

మొహిద్దీన్‌కు లెక్కలు అంత బాగా రావు. మక్బూల్‌కు ఏం రాశారో చదవమని అడిగాడు. గ్రేసమ్మ ఒకసారి ఆయన ముఖం చూసి, మళ్ళీ పలక చూసింది.

"మొదటి వరసలో ఎడమ పైన ఉందన్నావు. రెండో వరసలో రెండో పీట మీదున్నాడు. నాలుగు చోట్లా లేదన్నావు సాయిబూ."

"నాలుగో పీట మీద ఎవురు?"

నాలుగో పీట మీద కూర్చున్నది పున్నారావు. అతనికి మెడలో ఏ నొప్పీ లేదు. ఆరో మనిషి దొరక్క, లెక్క సరిపోవడానికి మేస్త్రీ పంపిస్తే వచ్చాడు. మొహిద్దీన్ అతని మెడ దగ్గరికి వెళ్ళి, అందరూ చూస్తుండగా మళ్ళీ నొక్కి చూశాడు. అప్పుడూ వేలి కింద ఏదో బిగిసి ఉన్నట్టే ఉంది. లేచి నిలబడి చేతులు తువ్వాలుతో తుడుచుకున్నాడు. చేతులకు నూనె లేదు, అయినా చాలాసేపు తుడుచుకున్నాడు. మక్బూల్ చొక్కా వేసుకుని గడప దగ్గర నిలబడ్డాడు. 

డాక్టరు ఎవరి పక్షమూ పట్టలేదు. మిల్లుకు ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాడు. మెడ కండల్లో నొప్పి ఉన్నదీ లేనిదీ చేత్తో నొక్కి తేల్చడం తన వల్లా కాదు, సాయిబు వల్లా కాదు, నొప్పి పడుతున్న మనిషి మాటను నమ్మడమే న్యాయమని రాశాడు. ఆ ఉత్తరం మక్బూల్‌కు మేలు చేస్తుందనే ఆయన అనుకున్నాడు.

నాగభూషణరావు గారు గుమాస్తా చేత ఉత్తరం చదివించుకుని మొహిద్దీన్‌ను పిలిపించాడు. ఆయన కసురుకోలేదు. కూర్చోమని బల్ల చూపించాడు.

"నీ చేతిని నమ్మి నీ అల్లుణ్ణి పదిహేను రోజులు నీడన కూర్చోబెట్టాను సాయిబూ. ఇప్పుడు నీ చేతికి తెలవదంట. డాక్టరు చేతికీ తెలవదంట. ఇంక నేను దేన్ని చూసి ఒకణ్ణి కూర్చోమనాలి, ఒకణ్ణి మొయ్యమనాలి?"

"వాడి మాట నమ్మండయ్యా. వాడు అబద్ధం చెప్పే మనిషి కాదు."

"కాదనే నేనూ అనుకుంటన్నా. వాడి మాట నమ్మితే అందరి మాటా నమ్మాల. రేపు పాతికమంది మెడ పట్టుకోనొచ్చి దబ్బనం ఇమ్మంటే బస్తాలు నువ్వు ఎత్తుతావా, నేను ఎత్తాలా?"

మొహిద్దీన్ లేచి వచ్చేశాడు. ఆ మాటలో తప్పు ఎక్కడుందో వెతుకుతూ ఇంటి దాకా నడిచాడు. ఇల్లొచ్చినా దొరకలేదు.

సోమవారం నుంచి మక్బూల్ మళ్ళీ బస్తాలెత్తాడు.

 ఆ వారంలోనే ఒకరోజు మధ్యాహ్నం జరీనా గడప మీద కూర్చుని కాయలు ఒలుస్తోంది. మొహిద్దీన్ అన్నానికి వచ్చాడు. ఆమె తల ఎత్తకుండానే తండ్రిని అడిగింది.

"నాలుగు చోట్లా లేదని ఎందుకన్నావు అబ్బా?"

ఎవరి మెడో తెలియక అన్నానని చెప్పాడు.

"తెలవకపోతే ఉందనచ్చుగా. అందరికీ ఉందని చెప్తే అందులో ఆయన కూడా ఉండేవాడు."

అది ఆయనకు తట్టనే లేదు. అట్లా అనాల్సింది. ఇరవై నాలుగు చోట్లా ఉందనాల్సింది. లేకపోతే ఆ పందేనికి ఒప్పుకోకుండా ఉండాల్సింది. డాక్టరు మాటకూ తన మాటకూ తేడా వస్తే ఇంకో డాక్టరు దగ్గరికి పొమ్మని మేస్త్రీయే అనేవాడేమో. తన వేళ్ళు గొప్పవని చూపించుకోవడానికి అల్లుడి మెడను తీసుకుపోయి అందరి మధ్యా పెట్టానని ఆయనకు అప్పుడు అనిపించింది. జరీనా కాయలు ఒలవడం ఆపలేదు. ఆయన అన్నం తినకుండానే లేచి వెళ్ళిపోయాడు.

నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్ళి, మక్బూల్ బరువు మొయ్యకూడదని ఒక్క ముక్క రాసిమ్మని అడిగాడు. ముందు ఉత్తరం రాసిన చేత్తో అది ఎట్లా రాయనని డాక్టరు బాధపడ్డాడు. అయినా చివరికి రాశాడు. రెండు నెలలు విశ్రాంతి కావాలని రాసి, తనే మిల్లుకు పట్టుకుపోయి ఇచ్చాడు. నాగభూషణరావు గారు బీరువాలో నుంచి మొదటి ఉత్తరం తీసి, రెండూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, ఇందులో ఏది నిజమో మీరే చెప్పండి డాక్టరు గారూ అన్నాడు. రెండూ నిజమేనని డాక్టరు అన్నాడు. నాగభూషణరావు గారు రెండూ కలిపి బీరువాలో పెట్టేశాడు.

మక్బూల్ ఆ సీజనూ, తర్వాతి సీజనూ మోశాడు. బస్తాను కుడి భుజం మీదికి జరుపుకుని మోసేవాడు. క్రమంగా మెడ ఒక పక్కకు వంగిపోయింది. ఎవరైనా పిలిస్తే తల తిప్పకుండా ఒళ్ళంతా తిప్పి చూసేవాడు. వంగిన మెడను అందరూ చూడగలరు, దానికి నొక్కి చూడాల్సిన పని లేదు. కాని అప్పటికి మేస్త్రీ ఇంకో మాట అన్నాడు. ఈ మెడతో బస్తా మొయ్యలేడు, కుట్టే పనికి ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. 1946 వేసవిలో జట్టులో నుంచి అతని పేరు తీసేశారు. జరీనా, మక్బూల్ కారంపూడి వెళ్ళిపోయారు. అక్కడ మక్బూల్ వాళ్ళ మేనత్త కొడుకుకు చిన్న సోడా కొట్టు ఉంది. అందులో కూర్చోవడానికి మెడతో పని లేదు.

మొహిద్దీన్ పేటలోనే ఉండిపోయాడు. రేకుల పంచలో పీట అట్లాగే ఉంది. మనుషులు వస్తూనే ఉన్నారు. ఆయన పద్ధతి మాత్రం మారింది. యాడ నొప్పి అని ముందే అడిగేవాడు. వాళ్ళు చెప్పినచోట నూనె రాసి మెల్లగా పట్టేవాడు. రెండు మూడుసార్లు అడిగేవాడు, ఈడేనా, ఇంకొంచెం కిందికా అని. కొందరికి అది నచ్చలేదు. మెడ సాయిబు చెయ్యి పోయింది, ఇప్పుడు మనమే చెప్పాల్సొస్తందని నవ్వుకున్నారు. మనం చెప్తే పట్టడానికి ఆయనే ఎందుకు, ఇంట్లో పెళ్ళాం పట్టదా అన్నవాళ్ళూ ఉన్నారు. జనం పల్చబడ్డారు. డాక్టరు సుబ్బారావు మాత్రం అప్పుడప్పుడూ మనుషుల్ని పంపేవాడు. తను అటుగా వచ్చినప్పుడు పీట మీద కూర్చుని కాసేపు మాట్లాడి పోయేవాడు. ఇద్దరూ ఆ ఆదివారం ఊసు ఎత్తేవాళ్ళు కాదు.

1947లో వానలు మొదలయ్యే ముందు మొహిద్దీన్ కారంపూడి వెళ్ళాడు. బస్సు దారిలో రెండుచోట్ల ఆగిపోయి మధ్యాహ్నానికి చేరింది. మక్బూల్ కొట్టు ముందు నిలబడి ఉన్నాడు. మామను చూసి ఒళ్ళంతా తిప్పి నవ్వాడు. జరీనా రొట్టెలు చేసింది. పాత మాటలు ఏవీ రాలేదు. తిన్నాక మక్బూల్ తనే ఒక చెక్కపెట్టె జరుపుకుని, వీపు మామవైపు పెట్టి కూర్చున్నాడు. చానాళ్ళయింది మామూ, కాస్త పట్టు అన్నాడు.

మొహిద్దీన్ నూనె వెచ్చబెట్టుకుని వచ్చాడు. యాడ అని అడిగాడు. అంతా ఉందిలే అన్నాడు మక్బూల్. ఎడమ పైన మొదలుపెట్టాడు. కండ బిగిసి ఉందో లేదో, అది నొప్పో కాదో, తన వేలిది భ్రమో ఆయనకు తెలియలేదు. కుడి పక్కకు వెళ్ళాడు. అక్కడా అంతే. మెల్లగా, నూనె ఇంకిపోయేదాకా పట్టాడు. జరీనా గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది.

"తగ్గిందా?" అని అడిగాడు చివరికి.

"తగ్గింది మామూ. చానా తేలికయింది."

మక్బూల్ చొక్కా తొడుక్కుని కొట్లోకి వెళ్ళాడు. అల్లుడు నిజంగా తేలికయి అన్నాడో, ముసలివాడి ముఖం చూడలేక అన్నాడో మొహిద్దీన్‌కు తెలియలేదు. జరీనాను అడగాలనుకుని అడగలేకపోయాడు. సాయంత్రం బస్సు వచ్చేదాకా ఆ చెక్కపెట్టె మీదే కూర్చున్నాడు.